ముళబాగిలు తర్కం

కోలారు ప్రాంతపు విద్యార్థులకు తర్కం చెప్పేటప్పుడు నేను ఒక బంగారు ఉదాహరణతో మొదలుపెడతాను. గనులు 2001లో మూతపడ్డా ఆ మాట వాళ్ళకు చప్పున అందుతుంది. "బంగారం బరువైనది, ఈ లోహం బరువైనది, కనుక ఇది బంగారం." అందరూ నవ్వుతారు. తప్పు ఎక్కడుందో చెప్పమంటే మాత్రం నవ్వు ఆగిపోతుంది.

అరిస్టాటిల్ సంప్రదాయం ప్రకారం 'బరువైనవి' అనే మధ్యపదం రెండు ఆధారవాక్యాలలో ఒక్కదానిలోనైనా పూర్తిగా వ్యాప్తం కాలేదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారు ఇదే సంగతి మరో విధంగా చెబుతారు: సీసం కూడా బరువే గాని బంగారం కాదు, హేతువు విపక్షంలోనూ ఉంది, కాబట్టి సవ్యభిచారం.

రెండు పరీక్షలూ ఒకటే అనిపిస్తుంది. కాదు. తేడా చూడడానికి దూరం పోనక్కరలేదు. ముళబాగిలులో శ్రీపాదరాజుల వద్ద చదువుకొని, తరువాత కృష్ణదేవరాయల ఆదరం పొందిన వ్యాసతీర్థులు (1460–1539) న్యాయామృతంలో అద్వైతుల అనుమానాన్ని పరీక్షకు పెట్టారు: ప్రపంచం మిథ్య, దృశ్యం కనుక, ముత్యపుచిప్పలో తోచే వెండివలె. దీన్ని పాశ్చాత్య రూపంలోకి మారిస్తే, దృశ్యమైనదంతా మిథ్య, ప్రపంచం దృశ్యం, కనుక ప్రపంచం మిథ్య. మధ్యయుగపు ఐరోపా పండితులు 'బార్బరా' అని పేరు పెట్టిన ఆకారం ఇది. రూపంలో దోషం లేదు.

వ్యాసతీర్థులు రూపం జోలికి పోలేదు. 'దృశ్యం' అంటే ఏమిటని నిలదీశారు. చిత్తవృత్తికి విషయం కావడమే అయితే, వేదాంతవాక్యం వల్ల కలిగే వృత్తికి బ్రహ్మమూ విషయమే; అద్వైతికి అది మిథ్య కాదు. హేతువు దారి తప్పింది. ఇలాగే ఆ మాటకు చెప్పగల ఇతర అర్థాలనూ ఒక్కొక్కటిగా పరిశీలించారు. అర్థాన్ని ఒక వాక్యంలో ఒకలా, మరో వాక్యంలో మరోలా పట్టుకుంటే మూడు పదాలు నాలుగవుతాయి. అప్పుడు బార్బరా కూడా నిలవదు. భాషాశాస్త్రం చదివినవాణ్ణి గనక నాకు ఈ ఘట్టం మీద కొంత పక్షపాతం ఉంది. మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధిలో ఊరుకోలేదు: వృత్తికి విషయమయ్యేది ఉపహిత బ్రహ్మమే, శుద్ధ బ్రహ్మం కాదన్నారు. దానిపై తరంగిణి మళ్ళీ వాదానికి దిగింది.

అరిస్టాటిల్ అనుయాయికి ఇక్కడ ఆకారం సరైనదే, ఆధారవాక్యం మాత్రమే సందేహాస్పదం. మన శాస్త్రం ఈ రెంటినీ వేరుచేయదు. వ్యాప్తి చెడితే అనుమానమే చెడింది.

నైయాయికులు కోరిన అయిదు అవయవాలు తప్పనిసరి కావని కూడా మాధ్వులు వాదించారు. ఎదుటివాడికి తెలియనంత వరకు చెబితే చాలు. సీసం పేరెత్తగానే మా తరగతిలో మిగతా అవయవాలు ఎవరూ అడగరు.