రైన్ గట్టున రోలాండ్‌సెక్ రైల్వే స్టేషన్

జర్మనీలో బాన్ నగరానికి దక్షిణాన, రైన్ నది ఎడమ గట్టున ఉన్న రోలాండ్‌సెక్ చాలా చిన్న ఊరు, పరిపాలన రీత్యా రేమాగెన్ పట్టణంలో ఒక భాగం. అయినా ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు వేడుకల మందిరాన్ని తలపించే విశాలమైన హాలు, నది వైపు తెరుచుకునే మేడ వసారా ఉన్నాయి. ఒక చిన్న ఊరి స్టేషన్‌కు ఇంతటి హంగు ఎందుకు అమరిందో తెలియాలంటే, 19వ శతాబ్దం మధ్యలో రైలుమార్గం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో, ఆగినచోట ప్రయాణికుల కళ్లకు ఏమి కనిపించేదో గమనించాలి.

కొలోన్, బాన్ నగరాల మధ్య 1844లో రైళ్లు నడపడం మొదలుపెట్టిన బాన్–కొలోన్ రైల్వే కంపెనీ, ఆనాటి అనేక రైల్వేల వలెనే, వాటాదారుల పెట్టుబడితో ఏర్పడిన ప్రైవేటు సంస్థ. అది తన మార్గాన్ని నది వెంబడి పొడిగించి 1856లో రోలాండ్‌సెక్ చేర్చింది. పట్టాలు అక్కడితో ముగిసేవి గనుక అది అంత్య స్టేషన్, అంటే ఇంకా ముందుకు పోదలచినవారు రైలు దిగి, సామాను దించుకుని, రేవులో ఆవిరి పడవ ఎక్కవలసిన చోటు.

అయితే చాలామందికి ఆ చోటే గమ్యం. గట్టున నిలబడితే ఎదురుగా నది మధ్యలో కన్యాస్త్రీల మఠం ఉన్న నొన్నెన్‌వెర్త్ లంక, ఆవలి గట్టున ‘ఏడు కొండలు’ అనే అర్థం వచ్చే జీబెన్‌గెబిర్గె శిఖరాలు, వాటిలో శిథిల దుర్గాన్ని మోస్తున్న డ్రాఖెన్‌ఫెల్స్ కనిపిస్తాయి. ఊరికి పైన కొండమీద పాత కోటలో మిగిలిన ఒకే ఒక్క కిటికీ కమాను 1839 డిసెంబరులో కూలిపోతే, కవి ఫెర్డినాండ్ ఫ్రైలిగ్రాత్ పత్రిక ద్వారా విరాళాలు కోరి, మరుసటి ఏడాదే దాన్ని తిరిగి కట్టించాడు. రైలు రాకమునుపే ఆ దృశ్యం మీద జనానికి ఎంత మమకారం ఉండేదో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

1856–58 మధ్య లేచిన స్టేషన్ భవనం ఆ మమకారాన్ని ఎరిగి కట్టినది. దాని శైలి క్లాసిసిజం, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాల సమతూకాన్ని, నిరాడంబరమైన గీతలను ఆదర్శంగా తీసుకున్న నిర్మాణ పద్ధతి. ఒక పక్క పట్టాలు భవనాన్ని ఆనుకుని పోతుంటే, మరో పక్క పోత ఇనుము పనితనంతో అమర్చిన వసారా రైన్ వైపు తెరుచుకుంటుంది. అక్కడ నిలిచినవారికి వెనుక ఇంజను చప్పుడు, ముందు ప్రవాహం ఒకేసారి అనుభవానికి వస్తాయి. విక్టోరియా రాణి, చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్, సంగీతకారులు బ్రామ్స్, క్లారా షూమన్ ఈ స్టేషన్ అతిథుల జాబితాలో ఉన్నారు.

అంత్య స్టేషన్ హోదా రెండేళ్లకే పోయింది. మార్గం 1858లో రేమాగెన్‌కు, 1859లో బింగెన్ పరిసరాలకు సాగడంతో రైలు దిగి పడవ ఎక్కవలసిన అవసరం తీరిపోయింది. విహారయాత్రికుల రాక మాత్రం చాలాకాలం నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత భవనం పాడుబడగా, 1950ల చివరలో జర్మన్ రైల్వే దాన్ని కూల్చివేయాలని తలపెట్టింది.

ఆ గతి పట్టకుండా ఆపినవాడు, బాన్‌లో చిత్రశాల నడిపే యోహానెస్ వాస్‌ముత్. ఆయన 1964లో ఆ ఖాళీ భవనాన్ని కళాకారుల నెలవుగా మార్చాడు. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్, పియానో కళాకారిణి మార్తా అర్గెరిక్, మూకాభినయంలో పేరెన్నికగన్న మార్సెల్ మార్సో, చిత్రకారుడు ఒస్కార్ కొకోష్కా అక్కడికి వచ్చారు. రైల్వే భవనానికి వాస్‌ముత్ ఒక కొత్త ప్రయోజనం అంటగట్టాడని అనుకోవడం సరికాదు. పుట్టుకతోనే సభాశాలగా ఉన్నదానికి సభను తిరిగి ఇచ్చిన ఘనత ఆయనది. పదిమంది కూడే చోటుగా మళ్లీ బతకబట్టే ఆ గోడలు నిలిచాయి.

వాస్‌ముత్ 1997లో మరణించాడు. శిల్పి హాన్స్ ఆర్ప్ పేరిట ఏర్పడిన మ్యూజియం కోసం అమెరికా వాస్తుశిల్పి రిచర్డ్ మైయర్ స్టేషన్ వెనుక కొండమీద రూపొందించిన తెల్లని భవనాన్ని 2007 సెప్టెంబరులో నాటి ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ ప్రారంభించారు. సందర్శకులు పాత స్టేషన్‌లోనే ప్రవేశించి, కొండలో తొలిచిన సొరంగం గుండా నడిచి, లిఫ్టులో పైకి చేరుకుంటారు. ప్రాంతీయ రైళ్లు నేటికీ ఆ స్టేషన్‌లో ఆగుతున్నాయి.