స్టిఫ్ అంటే బిగుసుకపోవుడే కాదు

మా అక్క కొడుకు అమెరికాల చదువుకుంటుండు. మొన్న రాత్రి మెసేజ్ పెట్టిండు: "మామా, ఓనర్ నన్ను స్టిఫ్ చేసిండు."

నా ఇంగ్లీషు బడిల నేర్సింది కాదు, పాత పుస్తకాల దుకాణంల కొన్న డిక్షనరీతోటి వచ్చింది. స్టిఫ్ అంటే నాకు తెలిసింది బిర్రుగ ఉండుడే. గంజి పెట్టిన అంగీ, పట్టేసిన మెడ. పోరనికి నడుం పట్టిందేమో అనుకొని బామ్ రాసుకొమ్మన్న. వాడు నవ్వుకుంట ఫోన్ చేసిండు. సంగతి మాత్రం నవ్వేది కాదు. హోటల్ల మూడు వారాలు గిన్నెలు కడిగిచ్చుకొని పైస ఇయ్యలేదట.

అమెరికా వాడుకల స్టిఫ్ చేసుడంటే కూలి ఎగ్గొట్టుడు, టిప్పు ఇయ్యకుండ లేచిపోవుడు. చిత్రమేందంటే, కూలోని పేరు కూడ అదే: వర్కింగ్ స్టిఫ్. పక్కబట్టల మూట భుజానేసుకొని పంటకోతలకు ఊరూరు తిరిగే వలసకూలీని బిండిల్‌స్టిఫ్ అనేటోళ్లు. 1905ల షికాగోల పుట్టిన ఐడబ్ల్యూడబ్ల్యూ సంఘం గసుంటోళ్లను జమ చేసింది. చదువుతాంటే మన పాలమూరు లేబరే కండ్లల్ల మెదిలిండు. పీనుగను సుత స్టిఫ్ అనే అంటరు. పానం పోయిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యబారుతది గద, అందుకని.

మిగిలిన అర్థాలు మనం రోజు వినేటియే. స్టిఫ్ డ్రింక్ అంటే ఘాటు మందు, స్టిఫ్ ఫైన్ అంటే గట్టి జుర్మానా. ఎలచ్చన్లొస్తే టీవీలోల్లకు స్టిఫ్ కాంపిటీషన్ లేంది పొద్దుపోదు. స్టిఫ్ అప్పర్ లిప్ అంటే ఎంత దుఃఖమున్నా పెదవి వణకనియ్యకపోవుడు. ఇంగ్లీషోళ్లు దీన్ని గొప్పగ చెప్పుకుంటరు. నాకైతే నచ్చదు, ఏడుపొస్తే ఏడ్వాలె. ఇంజనీర్ల లెక్క ఇంకోతీరు. బరువు పడితే వంగకపోవుడు వేరు, విరగకపోవుడు వేరు. గాజు జల్ది వంగదు, గని పుటుక్కున పగుల్తది.

ఇగ పోరని సంగతి. 1938 నాటి అమెరికా కూలి చట్టం కాగితాలు లేనోనికి సుత వర్తిస్తది, చేసిన పనికి పైసలడగొచ్చు. గని చదువు వీసా మీద పోయినోడు కాలేజీ బయట గట్ల పనిచేయొద్దు. అడిగితే వీసా పోతదని వాని భయం. ఓనర్ ధైర్యమూ అదే. భయంతోటి కొయ్యబారుడుకు కూడ ఇంగ్లీషుల మాట ఉన్నది: స్కేర్డ్ స్టిఫ్.

పనిచేసిన తారీఖులు, గంటలు ముందుగాల ఓ నోట్‌బుక్కుల రాసిపెట్టుకొమ్మన్న. రాస్తుండు.