అహోబిల సంప్రదాయంలో వసంతం

నల్లమల కొండల్లోని అహోబిలం (పూర్వపు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా) నవ నారసింహ క్షేత్రం. ఇక్కడి మత సాహిత్యంలో వసంతం స్వామికీ చెంచు కన్యకూ నడిచిన ప్రణయగాథగా రూపుకట్టింది.

ఈ క్షేత్రపు తొలి ప్రసిద్ధ వర్ణనలో వసంతం జాడ లేదు. 8వ శతాబ్దపు తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో అహోబిలంపై పది పాశురాలు చెప్పాడు. ఎండకు కమిలిన వెదురు పొదలు, గద్దలు, విల్లమ్ములు పట్టిన వేటగాళ్లు, ఎవరికీ చేరరాని కొండ అందులో కనిపిస్తాయి. సీమ ఎండలు ఎరిగినవారికి ఆ అడవి పరిచితమే. తరవాత 14వ శతాబ్దంలో తెలుగు కవి ఎర్రన రాసిన నృసింహపురాణానికీ వసంతం కాదు, ప్రహ్లాద చరిత్రే ప్రాణం.

మార్పు 16వ శతాబ్దంలో వచ్చింది. అహోబిల మఠం ఏడవ పీఠాధిపతి శఠకోప యతీంద్రులు ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకం రచించారు. అహోబిలేశుడు వనకన్య వాసంతికను పెళ్లాడడం ఇతివృత్తం. హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తిని అడవిపిల్ల కోసం తపించే ప్రేమికుడిగా చూపడం, నాయికకు ఋతువు పేరే పెట్టడం ఒక సన్యాసి కలం చేసిన సాహసం. జనం నోట ఆమె చెంచులక్ష్మి. చెంచులకు ఓబులేశుడు ఇంటి అల్లుడు.

1579లో గోల్కొండ సేనలు క్షేత్రాన్ని ఆక్రమించగా, కొన్నేళ్లకే విజయనగర పాలకులు దాన్ని తిరిగి పొందారు. తరవాతి కాలంలో ఈ ప్రణయకథ చెంచుల పాటల్లో, ఉత్సవాల్లో నిలిచింది. 1943లోనూ 1958లోనూ ‘చెంచులక్ష్మి’ పేరుతో సినిమాలు వచ్చాయి.

అహోబిలంలో సంక్రాంతి మరునాడు, కనుమ రోజున, పారువేట ఉత్సవం మొదలవుతుంది. చెంచులు పల్లకిపై బాణాలు వేసి స్వామిని సాగనంపుతారు. తన పెళ్లికి తానే పిలవడానికి ఆయన సుమారు 40 రోజులు 30కి పైగా ఊళ్లు తిరుగుతాడు. పల్లకి ఆగే అరుగులను తెలుపులంటారు. ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో కల్యాణం జరుగుతుంది. పంచాంగం లెక్కన అది శిశిరమే అయినా, నల్లమలలో మోదుగలు అప్పటికే పూసి ఉంటాయి.

పొరుగున దేవుని కడపలోనూ దేవుడితో ఇలాంటి చుట్టరికమే ఉంది. స్వామి భార్య బీబీ నాంచారి తమ ఆడపడుచన్న నమ్మకంతో ముస్లింలు ఉగాది రోజున వేంకటేశ్వరుని దర్శించి కొబ్బరికాయలు కొడతారు.