భద్రిరాజు కృష్ణమూర్తి

భద్రిరాజు కృష్ణమూర్తి (జూన్ 19, 1928 - ఆగష్టు 11, 2012) సుప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త, ద్రావిడ భాషల పరిశోధకుడు. ఈయన ఒంగోలులో జన్మించాడు. అప్పట్లో ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1962 నుండి 1986 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడిగాను, ఆ తరువాత 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగాను పనిచేసాడు.

మాండలిక పరిశోధన

తెలుగువారికి ఈయన చేసిన మేలులో ముందుగా చెప్పుకోవలసినది మాండలిక వృత్తి పదకోశం. శబ్దరత్నాకరం వంటి పూర్వ నిఘంటువులు ప్రధానంగా కావ్యాల నుండి పదాలను గ్రహించాయి. అందువలన సేద్యగాని మాటకు వాటిలో చోటు తక్కువ. కృష్ణమూర్తి ఆ మాటలను గ్రామాలలో రైతుల నోటి నుండే సేకరింపజేసాడు. వ్యవసాయ పదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. చేనేత పదకోశం 1971లో వెలువడింది.

ఒకే వస్తువుకు ఏ ప్రాంతంలో ఏ పేరున్నదో గుర్తించి, ఆ ఎల్లలను పటంపై గీస్తే భాషా మండలాలు బయటపడతాయి. కోస్తా రైతు నాగలి అన్నదానినే రాయలసీమ రైతు మడక అంటాడు. ఇటువంటి పదాల ఆధారంగా ఈయన తెలుగునేలను ఉత్తర (తెలంగాణ), దక్షిణ (రాయలసీమ, నెల్లూరు), తూర్పు (విశాఖ, శ్రీకాకుళం), మధ్య (గోదావరి, కృష్ణా, గుంటూరు) మండలాలుగా విభజించాడు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడిన ప్రకాశం జిల్లా ఈ లెక్కన మధ్య, దక్షిణ మండలాల కూడలి అవుతుంది.

పంటలు, పనిముట్లు మారితే పాత మాటలు మరుగున పడతాయి, కొత్తవి పుడతాయి. గుంటూరు మిర్చియార్డులో బస్తాను టిక్కీ అంటారు, రంగు తప్పిన కాయను తాలు అంటారు. పత్తి, మిరప సాగుకు సంబంధించిన ఇటువంటి పదాలను ఊరూరా మళ్ళీ సేకరించవలసిన అవసరం నేటికీ ఉన్నది.

భాషాబోధన

పత్రికలు, రేడియో, సినిమాల ద్వారా వ్యాపించిన ప్రామాణిక భాషకు మధ్యమండల శిష్టుల వాడుకే ఆధారం. ఆ భాషకు జె.పి.ఎల్.గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో రచించాడు (1985). మాతృభాషలో బోధన జరగాలని వాదించాడు. ప్రామాణిక భాష నేర్పవలసినదే. కాని మార్కాపురం పిల్లవాడి ఇంటిమాటను తప్పుగా దిద్దే ఉపాధ్యాయుడు ఒకసారి ఈ పదకోశాన్ని తిరగవేయడం మంచిది.

ఇతర రచనలు

తెలుగు ధాతువులపై ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం 1961లో, సంపాదకత్వం వహించిన తెలుగు భాషాచరిత్ర 1974లో వెలువడ్డాయి. ద్రావిడ భాషలపై సమగ్ర గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది.