72 గంటలు

హైదరాబాదులో "వీణ్ణి ఎర్రగడ్డకి తీసుకెళ్ళండ్రా" అంటే ఇంకేమీ వివరించక్కర్లేదు. విశాఖ వాళ్ళకి చినవాల్తేరు కూడా అంతే. మన దగ్గర ఆ ప్రయాణం చాలావరకు ఇంట్లో వాళ్ళ నిర్ణయం. నాన్నగారో, అన్నయ్యో నచ్చజెప్పి ఆటో ఎక్కిస్తారు. అమెరికాలో మాత్రం ఇష్టం లేని మనిషిని మానసిక వైద్యశాలలో ఉంచాలంటే డాక్టరుతో పాటు చట్టం కూడా ఒప్పుకోవాలి.

ఇక్కడా ఒకప్పుడు ఇంటివాళ్ళ మాటే చెల్లేది. 1860లో ఇల్లినాయ్‌లో ఎలిజబెత్ పాకర్డ్ అనే ఆవిడ మతం విషయంలో పాస్టరైన మొగుడితో విభేదించింది. ఆయన ఆవిణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టించేశాడు. పెళ్ళాన్ని చేర్పించడానికి అప్పటి చట్టంలో కోర్టు విచారణ అవసరం లేదు మరి! మూడేళ్ళు లోపలే గడిచిపోయాయి. 1864లో జ్యూరీ వాళ్ళు ఏడు నిమిషాల్లో ఆవిడకి పిచ్చి లేదని తేల్చేశారు.

అలాంటి అన్యాయాలు ఆపడానికే కాలిఫోర్నియాలో 1967లో లాంటర్మన్-పెట్రిస్-షార్ట్ చట్టం చేశారు. సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్. జబ్బు ఉంటే చాలదు, దానివల్ల తనకి ప్రమాదమా, పక్కవాళ్ళకి ప్రమాదమా, లేక తిండీ బట్టా నీడా చూసుకోలేని స్థితా అన్నది తేలాలని అప్పటి నిబంధన. ముందు 72 గంటలు ఉంచి పరీక్షించొచ్చు. ఆ పైన ఉంచాలంటే మళ్ళీ కారణాలు చూపించాలి. ఇది 1969 జులై 1న అమల్లోకి వచ్చింది.

రెండు నెలలు తిరక్కుండానే మన దేశపు కుర్రాడి విషయంలో ఈ 72 గంటల మాట వచ్చింది.

ప్రసేన్‌జిత్ పొద్దార్ బెంగాల్ నుంచి వచ్చిన దళిత విద్యార్థి. బర్క్లీలో నౌకా నిర్మాణం చదువుతున్నాడు. ఇంటర్నేషనల్ హౌస్‌లో జానపద నృత్యాల క్లాసులో తాత్యానా తరసాఫ్ పరిచయమైంది. కొత్త సంవత్సరం రాత్రి ఆమె పెట్టిన ముద్దుని ఇతను ప్రేమనుకున్నాడు. కాదని చెప్పాక చదువూ, తిండీ, నిద్రా అన్నీ దెబ్బతిన్నాయి. ఊరు కాని ఊళ్ళో ఆ ముద్దుకి అర్థం ఇది కాదురా అని చెప్పేవాళ్ళు ఉండాలి కదా... ఒక స్నేహితుడు చెబితే యూనివర్సిటీ ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడి సైకాలజిస్టు లారెన్స్ మూర్‌తో, ఆ అమ్మాయి బ్రెజిల్ నుంచి తిరిగొచ్చాక చంపేస్తానన్నాడు.

మూర్ తేలిగ్గా తీసుకోలేదు. ఇద్దరు సైకియాట్రిస్టులు కూడా ఆస్పత్రిలో పెట్టి పరీక్షించాలన్నారు. ఆగస్టు 20న క్యాంపస్ పోలీసులకి కబురు పెట్టి, ఉత్తరం కూడా రాశాడు. పోలీసులు పట్టుకుని మాట్లాడితే పొద్దార్ చక్కగా జవాబులు చెప్పాడు. ఆ అమ్మాయి జోలికి వెళ్ళనని మాట తీసుకుని వదిలేశారు. ఆస్పత్రి సైకియాట్రీ విభాగం అధిపతి అయితే ఆ ఉత్తరాన్నే వెనక్కి తెప్పించి, కాగితాలు నాశనం చెయ్యమని, అతన్ని చేర్పించే ప్రయత్నాలేవీ వద్దని చెప్పాడు. తాత్యానాకి గానీ, వాళ్ళింట్లో గానీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దార్ ఏకంగా ఆమె అన్నదమ్ముడితోనే ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు! అక్టోబరు 27న ఆమెని చంపేశాడు.

తల్లిదండ్రులు యూనివర్సిటీ మీద కేసు వేశారు. 1976లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులో, నన్నడిగితే, జనం అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది. పొద్దార్‌ని ఆస్పత్రిలో పెట్టనందుకు డాక్టర్ల మీద దావా చెల్లదంది కోర్టు. ఆ నిర్ణయానికి ప్రభుత్వోద్యోగులుగా వాళ్ళకి చట్ట రక్షణ ఉంది. కానీ ఫలానా మనిషికి ప్రమాదమని తెలిసినప్పుడు ఆ మనిషిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవలసిందే అంది. అంతకు ముందేడు, 1975లో, దేశ సుప్రీం కోర్టు ఇంకో వైపు నుంచి గీత గీసింది. ఫ్లోరిడాలో దాదాపు 15 ఏళ్ళు బంధించిన కెన్నెత్ డొనాల్డ్‌సన్ కేసులో, ప్రమాదం లేకుండా బయట బతకగలిగే మనిషిని ఊరికే బంధించి ఉంచడానికి వీల్లేదంది.

ఇవాళ ఎమర్జెన్సీ గదిలో డాక్టరు ఈ రెండు తీర్పుల మధ్యే కూర్చుంటాడు. "చచ్చిపోవాలనిపిస్తోంది" అనగానే లోపల పడేస్తారని మన పిల్లలు కౌన్సెలర్ దగ్గరికే వెళ్ళరు. అలా జరగదు. ఎలాగో ఆలోచించావా, ఇంట్లో తుపాకీ గానీ మాత్రలు గానీ ఉన్నాయా, ఇంతకు ముందు ప్రయత్నించావా అని అడుగుతారు. ఈ రాత్రికి నీ దగ్గర ఎవరుంటారు అని కూడా అడుగుతారు. ఇంటివాళ్ళ చేతిలోంచి నిర్ణయం తీసేసిన చట్టం, చివరికి ఇంటివాళ్ళ కోసమే వెతుక్కుంటోందన్నమాట.

ఇంతకీ పొద్దార్ సంగతి? జ్యూరీకి సరైన సూచనలివ్వలేదని 1974లో అతని శిక్ష కొట్టేశారు. మళ్ళీ విచారణ జరపకుండా, ఇండియా వెళ్ళిపోవాలన్న షరతు మీద వదిలేశారు. వెళ్ళిపోయాడు.