వేయిస్తంభాల గుడిలో సున్నా ఎక్కడ?

మహాశివరాత్రి దగ్గర పడుతోంది. హనుమకొండలో ఓ చిన్న గది, మూడు కంప్యూటర్లు. మీరూ ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి. తెర మీద ఆటోకాడ్‌లో గీసిన వేయిస్తంభాల గుడి ప్లాన్ ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, ఎదురుగా కల్యాణ మండపం, నడుమ నంది. పక్క తెర మీద పండగ రద్దీని లెక్కగట్టే సిమ్యులేషన్. అందులో ఒక్కో భక్తుడు ఒక్కో చుక్క.

మౌస్ పట్టుకున్న అమ్మాయి రన్ నొక్కింది. చుక్కలు బారులు తీరాయి, మండపం చేరాయి, ఆగకుండా ముందుకు సాగాయి.

"సార్, జనం స్తంభాలల్లకెల్లి నడుస్తున్నరు!"

"జూమ్ చెయ్యమ్మా. ఒక్క స్తంభం చూడు."

మీరూ ముందుకు వంగండి. ఆటోకాడ్‌లో అంచులన్నీ నిక్కచ్చిగా ఉన్న స్తంభం ఇక్కడ నలిగిపోయింది. పక్కపక్కనున్న మూలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. విచిత్రమేమంటే, తూర్పు పడమరల్లో కాస్త నయం. ఉత్తర దక్షిణాల్లోనే ఆకారం బాగా చెడింది. ఇలాంటి ముక్కను సాఫ్ట్‌వేర్ అడ్డంకిగా లెక్కలోకే తీసుకోలేదు.

కారణం ఆటోకాడ్ తెర కింద వరసలో కనబడుతున్న అంకెల్లోనే ఉంది. సర్వే యూటీఎం 44వ జోన్‌లో జరిగింది. ఆ లెక్కన ఈ గుడి ఈస్టింగ్ సుమారు 3,49,000 మీటర్లు, నార్తింగ్ సుమారు 19,91,000 మీటర్లు. అంటే భూమధ్యరేఖ దగ్గర మొదలెట్టి కొలుచుకుంటూ హనుమకొండ దాకా వచ్చామన్నమాట. ఆటోకాడ్ ఒక్కో సంఖ్యను పదిహేను అంకెల దాకా దాచుకుంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఈ సిమ్యులేషన్‌ది సింగిల్ ప్రెసిషన్, ఏడంకెల లెక్క. 19,91,000 అనేసరికే ఏడూ అయిపోయాయి. అంత దూరాన అది ఒక బిందువును కనీసం 12.5 సెంటీమీటర్లు జరపగలదు, అంతకు తక్కువ జరపలేదు. ఈస్టింగ్ చిన్న సంఖ్య గనుక అటువైపు మూడు సెంటీమీటర్లతో సరిపెట్టుకుంది. కాకతీయ శిల్పి వేలి మందాన చెక్కిన అంచు ఈ లెక్కలో ఎలా మిగులుతుంది?

అంకెలు చిన్నవి కావాలంటే సున్నా గుడి దగ్గరే ఉండాలి. అమ్మాయి వెంటనే ఆటోకాడ్‌లో యూసీఎస్, అంటే మనం ఎంచుకునే కొలతల చట్రం, మార్చింది. మండపం మూల దగ్గర సున్నా కనిపించింది. సిమ్యులేషన్‌కిచ్చే డీఎక్స్‌ఎఫ్ ఫైలు తీసి మళ్లీ రన్ చేసింది. ఏమీ మారలేదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. యూసీఎస్ మార్చితే మనం చూసే కొలత మారుతుంది గానీ గీతలు కదలవు. ఫైల్లోకి వెళ్లేవి వరల్డ్ కోఆర్డినేట్లే. డ్రాయింగే జరగాలి.

సున్నా దగ్గరికి, సరే. ఏ బిందువు పట్టుకుని జరపాలి? షీటు ఎడమ కింది మూల పట్టుకునేవాళ్లున్నారు. నాకది ససేమిరా నచ్చదు. అక్కడ నేల మీద ఏమీ లేదు. ఈ మండపాన్ని పూర్తిగా విప్పి, రాళ్లకు నంబర్లు వేసి, ఏళ్ల తరబడి పనిచేసి మళ్లీ నిలబెట్టారు. 2024 మార్చిలో తెరిచారు. అంత శ్రమతో రాయిని తన చోటికి చేర్చినవాళ్లున్న ఊళ్లో, మన సున్నా కూడా ఒక రాయి మీదే ఉండాలి. మండపం అధిష్ఠానం, అంటే రాతి పీఠం, నైరుతి మూల పట్టుకున్నాం. రేపు ఎవరైనా టేపు పట్టుకెళ్లి అక్కణ్నుంచే కొలుచుకోవచ్చు.

ఇప్పుడు ఆమె చేతులు చూడండి. యూసీఎస్‌ను వరల్డ్‌కు తెచ్చింది. ఫ్రీజ్ చేసిన లేయర్లు, లాక్ చేసినవి అన్నీ తెరిచింది. లేకపోతే బారికేడ్ల లేయర్ ఒక్కటీ పాతచోటే ఉండిపోతుంది. సర్వేలోంచి వచ్చిన ఎత్తులు గీతగీతకూ వేరుగా ఉన్నాయి, వాటిని చదును చేసింది. మూవ్, ఆల్, నైరుతి మూల, తర్వాత #0,0,0. ఆ # గుర్తు లేకపోతే డైనమిక్ ఇన్‌పుట్ దాన్ని "ఉన్నచోటి నుంచి సున్నా దూరం" అనుకుని కదలదు. యూనిట్లు మీటర్లే అని చూసుకుని ఎక్స్‌పోర్ట్ కొట్టింది.

చుక్కలు ఈసారి స్తంభాన్ని చుట్టి వెళ్తున్నాయి.

పాత ఫైలు మాత్రం చెరపం. 2023 జులై వరదల్లాంటివి మళ్లీ వస్తే నీళ్లు ఎటు పోతాయో లెక్కగట్టేవాళ్లకు ఆ పెద్ద అంకెలే కావాలి. వాళ్ల నాలాలు, కాంటూర్లు ఆ కోఆర్డినేట్లలోనే ఉంటాయి. అందుకే తీసేసిన ఈస్టింగ్, నార్తింగ్ రెండూ మిల్లీమీటరుతో సహా టైటిల్ బ్లాక్‌లో రాయించాను.

మెట్ల దగ్గర చుక్కలు గుంపుకడుతున్నాయి. క్యూను నంది పక్కనుంచి తిప్పితే ఆ ఒత్తిడి తగ్గుతుందేమో చూడాలి. అమ్మాయి అప్పుడే కొత్త బారికేడ్ గీస్తోంది.