డిస్‌ప్లే అబద్ధం చెబితే ప్రాసెసర్ ఏం చేస్తుంది?

మొన్న ఆఫీసులో ఓ లినక్స్ డ్రైవర్ లోడ్ కాక రెండు గంటలు తల పట్టుకున్నా. చివరికి చూస్తే సెక్యూర్ బూట్! సంతకం లేని మాడ్యూల్‌ని రానివ్వనంటోంది. "ఆపేయ్ భాయ్, దాంతో ఏం పని" అన్నాడు పక్క సీటు మిత్రుడు. ఆపబుద్ధి కాలేదు. నాకు మా బాపు గుర్తొచ్చాడు మరి.

2010లో నేను హుస్నాబాద్‌లో బడికి పోతున్నా (అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా). టీవీలో ఈవీఎంల గొడవ వస్తుంటే బాపు అనేవాడు: "బటన్ ఒత్తితే కుయ్యిమంటది, మంచిదే. లోపట ఏం రాసుకున్నదో ఎవలికెరుక?" ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు :)

కంప్యూటర్లకి ఈ బెంగ పాతదే. 1986లో లాహోర్ అన్నదమ్ముల బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ బూట్ సెక్టర్‌లోనే కూర్చుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఏకంగా బయాస్ చిప్‌నే చెరిపేసింది. యాంటీవైరస్ కంటే ముందు లేచేవాడే దొంగైతే ఇక పట్టుకునేదెవరు? దానికి జవాబుగా వచ్చిందే సెక్యూర్ బూట్. ఫర్మ్‌వేర్ తన దగ్గరున్న కీతో బూట్‌లోడర్ సంతకం చూస్తుంది, బూట్‌లోడర్ కెర్నెల్ సంతకం చూస్తుంది. 2011లో యూఈఎఫ్ఐ 2.3.1లోకి, 2012లో విండోస్ 8తో జనం లాప్‌టాప్‌లలోకి వచ్చింది.

ఇప్పుడు మన హైదరాబాద్ కథ. నెట్‌ఇండియా అనే కంపెనీ నడిపే వేమూరు హరిప్రసాద్, మిషిగన్ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ హ్యాకర్ రాప్ గాన్‌గ్రైప్.. ఈ ముగ్గురూ 2010లో ఒక అసలు ఈవీఎంని విప్పి చూశారు. ప్రోగ్రామ్ ఫ్యాక్టరీలోనే చిప్‌లో ముద్రించేస్తారు, మార్చలేరు అన్నది అధికారుల ధీమా. నిజమే, కానీ వీళ్ళు ప్రోగ్రామ్ జోలికే పోలేదు. ఫలితాలు చూపించే డిస్‌ప్లే బోర్డుని అచ్చం అలాంటిదే ఇంకోటి చేసి మార్చేశారు. అంకెల కింద చిన్న మైక్రోకంట్రోలర్, ఒక బ్లూటూత్ రేడియో. ప్రాసెసర్ నిజం చెప్పినా డిస్‌ప్లే అబద్ధం చూపిస్తుంది. రెండోది, ఓట్లు దాచే మెమరీ చిప్‌కి క్లిప్పులా తగిలించి అంకెలు మార్చే పరికరం.

గమనించారా? ఆ ఈవీఎంలో సెక్యూర్ బూట్ ఉన్నా మొదటి దాడిని పట్టుకోలేదు. కోడ్ పవిత్రంగానే ఉంది కదా! మెదడు బాగుండి నోరు మారితే సంతకం చూసి లాభం లేదు. పక్కనున్న బోర్డు కూడా "నేను నేనే" అని రుజువు చూపాలి. ఎన్నికల సంఘం వాదన కూడా చెప్పాలి: ఈ దాడులకి మెషీన్ చేతికి చిక్కాలి, సీళ్ళూ కాపలా ఉండగా అది కుదరదని. సగం ఒప్పుకుంటా. కాపలా వాణ్ణి నమ్మడం వేరు, మెషీన్‌ని నమ్మడం వేరు.

మెషీన్ ఎవరిచ్చారో హరిప్రసాద్ చెప్పలేదు. 2010 ఆగస్టు 21న ముంబై పోలీసులు హైదరాబాద్ వచ్చి, ఈవీఎం దొంగతనం కేసులో అరెస్టు చేసి తీసుకుపోయారు. వారానికి బెయిలొచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఈఎఫ్ఎఫ్ వాళ్ళు పయనీర్ అవార్డు ఇచ్చారు. బగ్ రిపోర్ట్ చేసినవాడి మీదే టికెట్ ఓపెన్ చేసే మేనేజర్లు మనకి తెలియనివాళ్ళా!

తర్వాత వచ్చిన ఎం3 మోడల్‌లో యూనిట్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఏర్పాటు, విప్పితే పనిచేయకుండా ఆగిపోయే ఏర్పాటు పెట్టామని ఎన్నికల సంఘం చెప్తుంది. 2013లో సుప్రీంకోర్టు వీవీప్యాట్ కావాలంది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో, ఓడిన అభ్యర్థి అడిగితే సెగ్మెంటుకి 5 శాతం మెషీన్ల మైక్రోకంట్రోలర్లు పరీక్షించొచ్చంది. పరీక్షించేది తయారుచేసిన కంపెనీల ఇంజనీర్లే లెండి.

2018 డిసెంబర్ ఎన్నికల్లో మా ఊళ్ళో మొదటిసారి స్లిప్పు అద్దంలో 7 సెకన్లు కనిపించింది. ఇంటికొచ్చాక బాపుని అడిగా, చూసినవా అని.

"జేబులకెల్లి అద్దాలు తీసేసరికి పడిపాయె బిడ్డా."